సరిగ్గా రాని స్లైడు

“స్లైడు సరిగ్గా రాలేదండీ” అన్న మాట మా అక్క నోట నేను జన్మలో ఒక్కసారే విన్నాను. అది పచ్చి అబద్ధం. విన్న క్షణాన నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. పెడితే “లేవరా, వెధవ్వేషాలూ నువ్వూను” అంటుందని ఊరుకుంటున్నాను.

మా అక్క ఆసుపత్రి ల్యాబులో స్లైడ్లు కోస్తుంది. రోగి ఒంట్లోంచి డాక్టర్లు తీసిన చిన్న ముక్కను మైనంలో పోతపోసి, ఆ దిమ్మను యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ పొరలు పొరలుగా కోస్తుంది. ఒక్కో పొర వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉంటే గొప్ప. దాన్ని గోరువెచ్చటి నీళ్ల మీద తేలేసి, గాజు పలక మీదికి ఎత్తి, రంగులద్దుతుంది. ముడత పడకూడదు, బుడగ రాకూడదు, కత్తి గీత కనబడకూడదు. ఇరవై రెండేళ్లలో ఆవిడ పంపిన స్లైడు ఒక్కటంటే ఒక్కటి పెద్ద డాక్టరు దగ్గర్నుంచి వెనక్కి రాలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. నేనే చెప్తుంటాను, అడిగినా అడక్కపోయినా.

ఇక నేను. ఈతకొలనులో ఫిల్టర్లు చూసుకునే మనిషిని. నీళ్లలో క్లోరిన్ కలపడం, ఫిల్టర్లు కడగడం, టైల్స్ తోమడం నా పని. ఈతకొచ్చే పిల్లలకు నేను ఫిల్టరు బాబాయిని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. తడి చెప్పులతో మోటారు గదిలోకి వచ్చినవాడు ఎంతటివాడైనా నా నోటి వాటం తెలుసుకోకుండా బయటికి పోడు.

ఆ కొలనులో ఈత నేర్పే మాస్టారు మా బావ, మా అక్క మొగుడు. గట్టు మీద నిలబడి ఈల ఊదే మాస్టార్లను చాలామందిని చూశాను. బావ అలా కాదు. నడుంలోతు నీళ్లలో నిలబడి, నేర్చుకునే మనిషి పొట్ట కింద అరచెయ్యి పెడతాడు. “నేనున్నాగా, కాళ్లాడించు” అంటాడు. అలా పక్కనే నడుస్తూ నడుస్తూ ఎక్కడో చెయ్యి తీసేస్తాడు. ఎక్కడ తీశాడో నాకే తెలిసేది కాదు, పద్దెనిమిదేళ్లుగా గట్టు మీంచి చూస్తున్నవాణ్ణి. తెలిసేసరికి ఆ మనిషి ఈదుతూ ఉంటాడు. డెబ్బై ఏళ్లు దాటిన ముసలావిడకు కూడా అలాగే నేర్పాడు మహానుభావుడు.

నాలుగేళ్ల కిందట ఆయన మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి, వాటి మీద తెల్లటి పొట్టు. తర్వాత మోకాళ్ల మీద, నడుం మీద. సోరియాసిస్ అన్నారు. ఎవరికీ అంటదన్నారు. మందు రాసుకుంటూ, వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో లైటు గదిలో నిలబడి వస్తూ, బావ పనిలో మాత్రం ఒక్క రోజు తగ్గలేదు. అలాంటి మనిషికి కొలను కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది.

రాసినవాడు సెక్రటరీ. మేం చాటున ఆయన్ని ‘కాలరు’ అంటాం. ఎంత ఉక్కపోసినా చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకునే ఉంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు వేళ్లతో భుజాలు దులుపుకుంటాడు. కొలను కమిటీలో ఉండి కొలనులో కాలు పెట్టని మనిషి ఆయనొక్కడే. ఉత్తరంలో ఏముందంటే: “మాస్టారి ఒంటి నుంచి చచ్చిన చర్మం నీళ్లలో రాలుతున్నందున, సభ్యుల ఆరోగ్యం దృష్ట్యా ఆయన ఈ రోజు నుంచి నీళ్లలోకి దిగరాదు. గట్టు మీద నుంచి, పూర్తి చేతుల చొక్కాతో శిక్షణ ఇవ్వవచ్చు. పది రోజుల తర్వాత జరిగే సమావేశంలో తుది నిర్ణయం తీసుకోబడును.”

బావ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నీళ్లకేసి చూశాడు.

“గట్టు మీంచి చెయ్యి అందదు కదరా” అన్నాడు.

అంతే అన్నాడు. ఆయన ఉద్యోగం అంటే ఆ చెయ్యే. దాన్ని నీళ్లలో పెట్టనివ్వకపోతే ఇక మిగిలేది ఈల ఒక్కటే.

ఆ సాయంత్రం వాళ్లింట్లో నేను వేసిన చిందులు ఇక్కడ రాయను. కాలరు చొక్కా పట్టుకుంటానన్నాను, క్లోరిన్ డబ్బాలో ముంచుతానన్నాను. అక్క నా వంక చూడను కూడా చూడలేదు. ఉత్తరంలో ఒక్క మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

“చచ్చిన చర్మమా? చచ్చిందని ఎవరు చెప్పార్రా ఈయనకి?”

“పొట్టు రాలుతోందిగా అక్కా, అందరూ అలాగే అంటారు.”

“అందరూ అంటే అయిపోతుందా? అసలు చావకపోవడమేరా మీ బావ జబ్బు. రేపు మధ్యాహ్నం ల్యాబుకి రా.”

వెళ్లాను. అక్క స్టూలు మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టింది. ముందు నాకు నా కనురెప్పే కనబడింది. తిట్లు తిన్నాక గులాబీ రంగూ నీలం రంగూ కనబడ్డాయి.

“ఇది ఆరోగ్యమైన చర్మం. కింది వరసలో నీలం చుక్కలున్నాయా? అవి కణాల కేంద్రకాలు. స్కూల్లో చదువుకున్నావుగా?”

“చదివాను. పరీక్షలోనే వదిలేసి వచ్చాను.”

“సంతోషం. ఆ కింద పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతుంది, ఇంచుమించు నెల రోజుల ప్రయాణం. పోతూ పోతూ చదునవుతుంది, లోపల గట్టి పీచు నింపుకుంటుంది. పైకి చేరబోయే ముందు తన కేంద్రకాన్ని తనే కరిగించేసుకుంటుంది. పైన చూడు, ఒక్క చుక్కయినా ఉందా?”

లేదు. పైనంతా పల్చటి గులాబీ రేకులు, ఒకదాని మీద ఒకటి, ఖాళీగా.

“అవన్నీ చచ్చిపోయినవే. ఎవరూ చంపలేదు. ఎప్పుడు చావాలో, ఎలా చావాలో లోపలే రాసిపెట్టి ఉంటుంది. పద్ధతిగా చచ్చి, పక్కవాటితో అతుక్కుని గోడ కడతాయి. నీ ఒంట్లో తడి బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా ఆపేది ఆ గోడే.”

“అంటే చచ్చాక కూడా డ్యూటీయేనా?”

“చచ్చాకే అసలు డ్యూటీ. కొన్నాళ్లు కాపలా కాసి, కింది నుంచి కొత్తవి రాగానే చప్పుడు లేకుండా రాలిపోతాయి. నీ మొహం, నా మొహం, పైకి కనబడేదంతా చచ్చినవాళ్ల పుణ్యమే.”

“అయితే చచ్చినట్టు పని చెయ్యడమంటే ఇదేనన్నమాట.”

అక్క పకాలున నవ్వింది. ల్యాబులో ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. “అదేరా. చచ్చినట్టు చస్తుంది, చచ్చినట్టు కాపలా కాస్తుంది. ఇంకోటి విను. ఎండకి పాడైపోయిన కణం ఉంటుంది చూడు, అది నెల రోజులు ఆగదు. బతికుంటే పక్కవాళ్లకి ముప్పని తనంతట తనే ముడుచుకుని ముక్కలైపోతుంది. పక్క కణాలు ఆ ముక్కల్ని శుభ్రం చేసేస్తాయి. నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. మనకి తెలియను కూడా తెలీదు.”

నేను నా చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. యాభై ఏళ్లుగా మోస్తున్నాను, ఏనాడూ దాన్ని ఇంత మర్యాదగా చూడలేదు.

రెండో స్లైడు పెట్టింది. “ఇది సోరియాసిస్.”

“బావదా?”

“ఎవరిదో నీకనవసరం. ఒకరి స్లైడు సంగతి ఇంకొకరి ముందు ఎత్తకూడదు. చూడు.”

చర్మం దళసరిగా ఉంది. నీలం చుక్కలు కింద మొదలై ఆగకుండా పై అంచు దాకా ఉన్నాయి. ఖాళీ రేకులు ఉండవలసిన చోట కూడా చుక్కలే.

“లోపల రోగాలతో పోరాడే కణాలు పొరబడి ‘గాయమైంది, పరిగెత్తండి’ అని కబురు పెడుతూనే ఉంటాయి. పాపం ఇవి నమ్మి పరిగెత్తుతాయి. నెల పట్టే దారి నాలుగైదు రోజుల్లో వచ్చేస్తాయి. ఆగి పద్ధతిగా చావడానికి తీరికేదీ? కేంద్రకం అలాగే ఉండిపోతుంది. సరిగ్గా చావలేదు కాబట్టి సరిగ్గా అతుక్కోలేవు, పొట్టులా లేస్తాయి. లైటు గదిలో మీ బావ నిలబడతాడే, ఆ వెలుగు చేసేది అదే. దారి తప్పినవాటిలో కొన్నిటికి, ఆ తప్పుడు కబురు పెట్టేవాటిలో కొన్నిటికి, ఇక చాలు వెళ్లమని గుర్తు చేస్తుంది.”

ఆ సాయంత్రం బావ మోచేతులు చూస్తే నాకు జాలెయ్యలేదు. ఎవరో అబద్ధం చెబితే నమ్మి, ఆయన్ని కాపాడదామని పరుగులు పెట్టే వెర్రి కణాలవి. ముచ్చటేసింది, నిజంగా.

పెద్ద డాక్టరు మూలన పడేసిన ఒక పాత మైక్రోస్కోపు అక్కకు ఇచ్చాడు. జబ్బు అంటదని కాగితమూ రాసిచ్చాడు. మీటింగులో నా చర్మం, తన చర్మం, బావ చర్మం పక్కపక్కన చూపిస్తానంది అక్క. నేను కూడా నా వంతు పని ఒకటి పెట్టుకున్నాను. బావ నీళ్లలోంచి బయటికొచ్చిన రోజున తక్కువ లోతు వైపు, మెట్ల పక్కన, నీళ్ల అంచు టైల్స్ తళతళలాడేలా తోమాను. ఆ తర్వాత పది రోజులు ఆ బారెడు జాగా ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా.

మీటింగు రోజు కమిటీ గదిలో ముగ్గురున్నారు. ప్రెసిడెంటమ్మ, ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. పళ్ల డాక్టరు, ప్రతిదానికీ జోకు వేసే మనిషి. మూడో ఆయన కాలరు. బావ పూర్తి చేతుల చొక్కా వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నాడు. తప్పు చేసినవాడిలా ఉన్నాడు.

అక్క సెలోటేపు ముక్క నా ముంజేతి మీద నొక్కి, చర్రున లాగి, నీలం రంగు చుక్క వేసిన గాజు పలక మీద అంటించింది. తనది తీసింది. బావ మోచేతి మీద మెత్తగా నొక్కి తీసింది. ప్రెసిడెంటమ్మ కళ్లజోడు తీసి మైక్రోస్కోపులో చూసింది.

“ఈ మొదటి రెండిట్లో చుక్కల్లేవు. మూడోదాంట్లో ఉన్నాయి.”

“అవునమ్మా. మొదటి రెండూ మాలాంటి మామూలువాళ్లవి. చచ్చిన చర్మం రాలుస్తున్నది మేం. మీరూ, డాక్టరు గారూ కూడా, రోజూ. మావారిది చావడం పూర్తికాని చర్మం. అందులో ఇంకొకరికి అంటేది ఏమీ లేదు. ఇదిగో మా పెద్ద డాక్టరు గారి కాగితం.”

“అయితే మాస్టారు మా అందరికంటే ఎక్కువ బతికున్నారన్నమాట!” అన్నాడు పళ్ల డాక్టరు. బావ కూడా నవ్వాడు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

అప్పుడు కాలరు లేచాడు. “ఆవిడ తమ్ముడిదీ ఆవిడదీ చూపిస్తే ఏం నమ్ముతాం? నాది తియ్యండి. ఆరోగ్యమైన చర్మం ఎలా ఉంటుందో అందరూ చూస్తారు.” చొక్కా చెయ్యి మడవమంటే, ఇస్త్రీ నలుగుతుందని మడవలేదు. మెడ దగ్గర చొక్కా కాస్త కిందికి లాగి, వెనక్కి తిరిగి, మెడ మీద జుట్టు మొదలయ్యే చోటు చూపించాడు. “ఇక్కడ తీసుకోండి.”

అక్క టేపు నొక్కి లాగింది. పలక మీద అంటించి, మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించి, మర తిప్పింది. మళ్లీ తిప్పింది. ఆవిడ భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. ఏమైందో అని పక్క నుంచి తల దూర్చి చూశాను.

నీలం చుక్కలు! గుంపులు గుంపులుగా, ఒక్కో రేకులో ఒక్కోటి, బావవి ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. భుజాలు దులుపుకోవడం, గొంతు దాకా గుండీలు, అన్నీ ఒక్క దెబ్బకు అర్థమయ్యాయి. నాకు పండగైపోయింది. నోరు తెరిచాను. అక్క మడమతో నా పాదం తొక్కింది, ప్రాణం పోయేట్టు తొక్కింది.

“బుడగలు వచ్చాయండీ. ముడత కూడా పడింది. స్లైడు సరిగ్గా రాలేదు.”

పలక తీసి పెట్టెలో పెట్టేసింది. నాకు దిమ్మ తిరిగిపోయింది. మా అక్కేనా ఈ మాట అంటున్నది?

కాలరు గుండీ పెట్టుకుంటూ నవ్వాడు. “ఇరవై రెండేళ్ల అనుభవం అన్నారు! ఒక్క టేపు ముక్క అంటించడం రాలేదు. మరి మిగతా మూడూ సరిగ్గా వచ్చాయని ఏమిటి నమ్మకం?”

పళ్ల డాక్టరు జోకు వెయ్యలేదు. ప్రెసిడెంటమ్మ మొహంలో అనుమానం కనబడింది. అక్క మొహం ఎర్రబడింది. మొగుడి చెయ్యి ఇక జన్మలో నీళ్లలో పడకుండా పోయే వేళ, ఎదుటివాడి పరువు పెట్టెలో దాచుకుని నిలబడింది మహాతల్లి.

ఇక నావల్ల కాలేదు. “అమ్మా, మీరు ఒక్కసారి బయటికి రండి” అని అరిచినంత పని చేశాను. అక్క కంగారుపడింది, ఆ సంగతి కక్కేస్తాననుకుంది పాపం. నేను ప్రెసిడెంటమ్మను మెట్ల పక్కకు తీసుకెళ్లాను. తక్కినవాళ్లు వెనకే వచ్చారు. “ఆ టైల్సు మీద వేలు పెట్టి రాయండమ్మా.”

ఆవిడ వంగి రాసింది. వేలికి బూడిద రంగు జిడ్డు అంటుకుంది.

“ఛీ, ఏమిటయ్యా ఇది?”

“చర్మం, చెమట, నూనె. మాస్టారు నీళ్లలోంచి బయటికొచ్చిన రోజున ఇక్కడ అద్దంలా తోమాను. ఈ పది రోజులు ఆయన వేలు కూడా ముంచలేదు. మరి ఇది ఎవరిదమ్మా? మీది, డాక్టరు గారిది, ఈతకొచ్చే అందరిదీ! పద్దెనిమిదేళ్లుగా తోముతున్నాను, మాస్టారికి జబ్బు రాకముందు ఇంతే, వచ్చాకా ఇంతే. నీళ్లు బాగుచెయ్యడానికి నేనున్నాను, ఫిల్టర్లున్నాయి. ఆయన చెయ్యి ఇక్కడ ఎంతమందిని తేల్చిందో తెలుసా మీకు? ఆ పని చెయ్యడానికి ఇంకెవరున్నారు?”

ప్రెసిడెంటమ్మ వేలు చూసుకుంది, బావను చూసింది.

“మాస్టారూ, అరవయ్యో ఏట నాకు ఈత నేర్పింది మీరే. మీ చెయ్యి ఎప్పుడు తీశారో నాకిప్పటికీ తెలీదు. రేపు పొద్దున్నే నీళ్లలోకి దిగండి.” కాలరు వైపు తిరిగి, “ఆ ఉత్తరం వెనక్కి తీసుకున్నట్టు రాయండి” అంది.

బావ చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. ఆ మడవడం చూస్తే నా నెత్తిన పాలు పోసినట్టయింది.

అక్క మాత్రం గేటు దగ్గర ఆగి కాలరుతో రెండు నిమిషాలు మాట్లాడింది. దూరం నుంచి నాకు వినబడలేదు. ఆయన చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్లడం ఒక్కటే కనబడింది.

ఇంటికెళ్లే దారిలో నేను కుతకుతలాడిపోయాను. “ఆ ఒక్క ముక్క చెబితే వాడి నోరు మూతపడేది! బావ పని పోతే ఏం చేసేదానివి?”

“ఏమో, పోయేదేమో.”

“మరి?”

“చుక్కలు చూసి జబ్బుకి పేరు పెట్టే పని నాది కాదురా. ఉత్త చుండ్రయినా అలా కనబడొచ్చు. డాక్టర్ని చూడమని చెప్పాను. అయినా ఆయనకి తెలీదురా ఆ సంగతి, పదిమందిలో తెలియాలా?” కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “మచ్చలొచ్చిన మొదట్లో బట్టల కొట్లో మీ బావకి చొక్కా కొలత తీస్తూ కొట్టు మనిషి తన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అందరూ చూశారు. ఆ పూట ఈయన మొహం నేను చూశాను. ఇంకొకరి మొహం అలా కావడానికి నా స్లైడు పనికి రాకూడదు.”

ఆవిడ చేతిలోంచి మైక్రోస్కోపు లాక్కున్నాను. ఇంటిదాకా నేనే మోశాను.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున మేం ముగ్గురం కాఫీ తాగుతుంటే తలుపు చప్పుడైంది. కాలరు. పై గుండీలు రెండూ తీసి ఉన్నాయి. మెడ పక్కన మందు రాసిన ఎర్రటి మచ్చ కనబడుతోంది. బావకు నమస్కారం పెట్టాడు, కుర్చీలో కూర్చోలేదు.

“అదేనట మాస్టారూ. ఇన్నేళ్లూ చుండ్రనుకున్నాను. వచ్చే వారం నుంచి లైటు గదికి రమ్మన్నారు.” అక్క వైపు తిరిగాడు. “అమ్మా, ఆ రోజు నా స్లైడు పారేశారా?”

“స్లైడ్లు పారెయ్యనండీ నేను.”

“ఒక్కసారి చూపిస్తారా?”

పాత మైక్రోస్కోపు మా అక్క వాళ్లింట్లోనే ఉండిపోయింది. అక్క పెట్టె తీసి, పలక పెట్టి, మర తిప్పి పక్కకు జరిగింది. ఆయన కన్ను ఆనించాడు. ఎంతసేపు చూశాడో, బావ చేతిలో కాఫీ చల్లారిపోయింది.

“బుడగ లేదు” అన్నాడు కన్ను తియ్యకుండానే. “ముడతా లేదు.” తల ఎత్తేసరికి ఆయన కళ్లలో నీళ్లున్నాయి. “ఇంత చక్కగా వచ్చిన స్లైడుని, నాకోసం సరిగ్గా రాలేదన్నారా అమ్మా?”

అక్క పలక తీసి, రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, కిటికీ వెలుగులో ఒకసారి చూసుకుంది.

బావ లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “మీకు ఈత రాదు కదూ? రేపు ఆరింటికి వచ్చెయ్యండి, తువ్వాలు తెచ్చుకోండి” అన్నాడు.